చూడు, చూడండి

ఏంటమ్మాయ్, ఆగిపోయావేం? ఆ చివరి వాక్యం ఇంకోసారి చదువు. "రచయిత తన పుస్తకం చివరనున్న సూచికలో కూడా సమాజాన్ని వెక్కిరించిన తీరు అనన్యసామాన్యం." ఊఁ. ఈ అనన్యసామాన్యం నువ్వు రాసిందేనా, మీ సారు పెట్టాడా? నువ్వేనా. సరే. ఆ కాగితాలు పక్కన పెట్టి పుస్తకం ఇటు తే. ఏ లైబ్రరీది ఇది? అట్ట మార్చేశారు. మేం వేసింది ముదురు ఎరుపు గుడ్డ అట్ట. ఇదేదో మందుల షాపు డబ్బాలా ఉంది. పుస్తకం వీపు లోపల, కుట్టు మీద అతికించిన కాగితం కూడా కొత్తదే, పాతది పీకేశారు. పోనీలే. కుట్టు మాత్రం నాదే, చూశావా, ఎంత విప్పినా ఒక్క ఆకు ఊడటం లేదు. నలభై ఆరేళ్లు. ముందు నుంచి తిప్పుతావేంటి? వెనక నుంచి తెరువు. నేను ఏ పుస్తకమైనా వెనక నుంచే చదువుతాను. మీ అమ్మమ్మ ఉన్నప్పుడు, పెళ్లి పత్రిక కూడా వెనక నుంచి చదివి ప్రెస్సు ఎవరిదో చూస్తారేగానీ పెళ్లి ఎవరిదో చూడరని తిట్టేది. ఇదిగో, ఈ పదకొండు పేజీలు. నీ థీసిస్‌లో నువ్వు ముప్పై ఎనిమిది పేజీలు రాసింది వీటి గురించేగా. అది ప్రొఫెసరుగారు చేసింది కాదు. వెక్కిరించిందీ కాదు. అది తప్పు. అచ్చుతప్పు కూడా కాదు, నా తప్పు. ఇంకొకావిడ తన మీద వేసుకుంది. నువ్వు ఇది మార్చి రాయాలి. అలా చూడకు. సోమవారం ఇచ్చేయాలా? ఇవాళ గురువారమేగా. కూర్చో, ముందు చీటీలక్క సంగతి చెప్పాలి.

మాది కరపత్రాలూ క్యాలెండర్లూ వేసే ప్రెస్సు కాదు. మా ఓనరుకి లావు పుస్తకాల పిచ్చి. ఏ దేశంలో ఎవరు ఎవర్ని ఏలుతున్నారు, ఎడారుల్లో ఉండేవాళ్లు పగలెలా తీర్చుకుంటారు, మంచు దేశాల్లో ఓట్లెలా వేస్తారు, ఎక్కడ ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినకూడదు, ఇలాంటివి. ఒక్కోటి ఆరేడు వందల పేజీలు. వెయ్యి కాపీలు వేస్తే చదివేది నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు ఒకళ్ల మీద ఒకళ్లు పుస్తకాలు రాసుకునేవాళ్లు, అవీ మేమే వేసేవాళ్లం. కింద మిషన్లు, పైన బైండింగు. పొడుగాటి బల్ల, జిగురు కాచే పొయ్యి, ఓ మూల కటింగు మిషను. కిటికీ దగ్గర చిన్న బల్ల చీటీలక్కది. సూచిక తయారు చేసేది. పుస్తకంలో ఉన్న మాటల్ని ఏరి అకారాది వరసలో పెట్టి, ఏది ఏ పేజీలో ఉందో రాయడం. నీకు తెలుసనుకో. పేజీ నంబర్లు ఖాయమయ్యేదాకా ఆవిడ పని మొదలవదు. ఆవిడ పని అయ్యేదాకా నా పని పూర్తవదు. పదహారేసి పేజీల ఫారాలు నలభై మడిచి దొంతర్లు పెట్టుకుని చివరి ఫారం కోసం కూర్చునేవాణ్ణి. పుస్తకాన్ని చివరగా ముట్టుకునేది మేమిద్దరమే.

ఒక్కో మాటకి ఒక్కో చీటీ రాసి చెప్పుల డబ్బాల్లో నిలబెట్టేది, అందుకని చీటీలక్క. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఎవరో మందుల చీటీ రాసే ఆవిడనుకుని పైకొచ్చి ప్యాంటు మడిచి మోకాలు చూపించాడు. అక్క వంగి శ్రద్ధగా చూసింది. "మోకాలు, చూడు: వయసు" అని మళ్లీ చీటీ రాసుకుంటూ కూర్చుంది. ఆవిడ మాట్లాడటమే అంత. సూచికల్లో ఉంటుందిగా, ఒక మాట దగ్గర పేజీలివ్వకుండా ఇంకో మాట దగ్గరికి పంపడం, "పడవలు, చూడు: రేవులు" అని. ఆ అలవాటు నోటికి పట్టేసింది. టీ ఆలస్యమైందేంట్రా అంటే "టీ, చూడు: ఓనరు" అనేది. పొట్టిమాటలు కూడా ఎక్కువే. పేజీలకి పే., చూడుకి చూ., తన సంతకానికి చీ. ప్రతి ప్రూఫు కిందా ఆ చీ. ఉండేది. ఒక రచయితైతే రెండు వారాలు మొహం చూపించలేదు. ఆఖరికి ఓనరు దగ్గరికొచ్చి, "ప్రతి పేజీకీ ఛీ అనాలాండీ, పది పేజీలకొకసారి అంటే సరిపోదా?" అన్నాడట.

నాకు అప్పటికి అక్షరాలు రావు. అంకెలొచ్చు. ఫారాల నంబర్లు చూసి పేర్చడానికి అంకెలు చాలు. అట్టలకే వచ్చింది చిక్కు. ఒకసారి పెళ్లి చట్టాల పుస్తకానికీ యుద్ధాల పుస్తకానికీ అట్టలు తారుమారు చేశాను. రెండూ ఒకే లావు, ఏం చెయ్యను. ఆరు నెలల దాకా ఒక్కడూ అడగలేదు. తర్వాత ఎవరో వకీలు ఉత్తరం రాశాడు, పుస్తకం చాలా బాగుంది గానీ పెళ్లి ప్రస్తావన కొంచెం తక్కువగా ఉందని. అప్పుడు ఓనరు నన్ను రాత్రి బడికి పంపాడు. అక్కడి మాస్టారితో నాకు కుదరలేదు. ఌ అని ఒక అక్షరం రాయించి, ఇది ఎక్కడా వాడరు అన్నాడు. వాడనప్పుడు నేర్పడమెందుకన్నాను. నేర్చుకో అన్నాడు. నేర్చుకోనన్నాను. తొమ్మిది రోజులు ఆ ఒక్క అక్షరం దగ్గరే ఉన్నాం. పదో రోజు ఇంటికి పొమ్మన్నాడు. అక్కకి ఇది తెలిసింది. పని దిగాక నన్ను కూర్చోబెట్టి ఒక చెప్పుల డబ్బా ముందు పెట్టింది. మీ అందరికీ అ అంటే అమ్మ. నాకు అ అంటే అధికారం, 14, 62, 203 నుంచి 219. ఆ అంటే ఆకలి, ఇ అంటే ఇనుము, ఈ అంటే ఈటెలు. ఉ అంటే ఉరి. మీ అమ్మ చిన్నప్పుడు పలక పట్టుకొస్తే అలాగే చెప్పాను. మర్నాడు పంతులమ్మ కబురు పెట్టింది. అది వేరే కథ. మొత్తానికి ఏడాదిన్నరలో చదవడం వచ్చింది, పెదవులు కదుపుతూ. గొంతులోంచి చిన్నగా శబ్దం కూడా వచ్చేదట. కటింగు మిషను వాడు విసుక్కునేవాడు.

ఇక ఈ పుస్తకం. పేరే చెబుతోందిగా, 'ఎవరు ముందు నడవాలి? దేశదేశాల హోదాలూ మర్యాదలూ' అని. ఏ జాతిలో ఎవరు ఎవరికి దారివ్వాలి, ఎవరి ఎదుట కూర్చోకూడదు, ఎవరిని ఎలా పిలవాలి. ప్రొఫెసరుగారు ఇరవై ఏళ్లు పెట్టి రాశారు. మనుషులంతా ఒకటేనని ఆయన వాదన. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఆయన ముందు ఎవరూ ఎక్కకూడదు. పుస్తకావిష్కరణ సభకి మంత్రిగారిని పిలిచారు, తేదీ ఖాయం. సరిగ్గా అప్పుడు చీటీలక్క వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని ఊరి నుంచి కబురు. అక్క చీటీలన్నీ వరసలో పెట్టేసి ఉంది. సంచి భుజాన వేసుకుని నా దగ్గరికొచ్చి, "ఒరే, శుభ్రంగా ఎత్తి రాసి కంపోజిటరుకి ఇచ్చేయి, అంతే. ప్రొఫెసరుగారికి పొట్టిమాటలు పడవు. చూ. ఉన్నచోటల్లా పూర్తిగా రాయి" అంది. పూర్తిగా అంటే ఎలా అక్కా అని నోటిదాకా వచ్చింది. అడిగితే ఇంత నేర్పినా రాలేదనుకుంటుందని అడగలేదు. అదీ నా సంగతి.

మొదటి చూ. వచ్చింది. "కాపరులు, చూ. పచ్చికబయళ్లు." గొర్రెలు కాసుకునేవాళ్లు, మనలాంటివాళ్లే, చూడు అని రాశాను. తర్వాత "చక్రవర్తులు, చూ. సామ్రాజ్యాలు." కలం ఆగిపోయింది. చక్రవర్తిని పట్టుకుని చూడు అంటామా? చూడండి అని రాశాను. అక్కడి నుంచి ప్రతి చీటీకీ ఆలోచనే. నవ్వకు. పైగా మర్యాదల పుస్తకం కదా, ఇంకా జాగ్రత్తగా ఉండాలనుకున్నాను. న్యాయమూర్తులు, చూడండి. ఖైదీలు, చూడు. మంత్రులు, చూడండి: లంచాలు. సైనికులకి చూడు రాశాను. వాచ్‌మన్ చదివించుకుని విని, వాళ్లన్న మిలిట్రీలో ఉన్నాడని మూతి ముడిచాడు. సుబేదారుకైతే చూడండి వేస్తాలే, వట్టి సైనికులకి కుదరదన్నాను. ప్రొఫెసర్లు, చూడండి: జీతాలు. స్త్రీల దగ్గర ఒక పూట పోయింది. మా అమ్మని నువ్వు అంటాను, మా అత్తగారిని మీరు అంటాను, మరి లోకంలో స్త్రీలందర్నీ కలిపి ఏమనాలి? ఆ వారం మా అత్తగారు మా ఇంట్లోనే ఉంది. చూడండి అని రాశాను. దేవుళ్ల దగ్గర మాత్రం ఇబ్బంది లేదు. దేవుణ్ణి నువ్వనే అంటాం కదా. "దేవుళ్లు, చూడు: భయం." మూడు రోజులు తల వంచుకుని రాశాను. అంత శ్రద్ధగా నా పెళ్లిచూపులకి కూడా తల దువ్వుకోలేదు. కంపోజిటరు ఉన్నది ఉన్నట్టు కూర్చాడు. జీవితమంతా అక్షరాలు చదివాడు గానీ మాట చదివిన పాపాన పోలేదు. చివరి ఫారం అచ్చయింది, ఎనిమిది వందల కాపీలు కుట్టేశాను.

నెల తిరిగాక అక్క వచ్చింది. సంచి దించకుండానే పదకొండు పేజీలూ నిలబడి చదివింది. "దేవుళ్లకి చూడు ఏంట్రా?" అంది. దేవుణ్ణి నువ్వే అంటాం కదక్కా అన్నాను. "మరి చక్రవర్తులకి?" నువ్వంటే తల తీసేస్తారు కదక్కా అన్నాను. కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగుతున్నాయి. కాసేపటికి ఇటు తిరిగి కళ్లు తుడుచుకుని, "పిచ్చివాడా, ఆ చూడు అనేది చక్రవర్తితో కాదు. దేవుడితోనూ కాదు. పుస్తకం పట్టుకున్నవాడితో అంటున్నాం. ఆ మర్యాద చదివేవాడికి. వాడొక్కడే కాబట్టి పుస్తకమంతా ఒకటే ఉండాలి" అంది. అప్పుడు అర్థమైంది నాకు. అక్క మాత్రం "పోనీలే, సూచిక ఎవడు చదువుతాడు" అంది.

మంత్రిగారు చదివారు. పెద్దవాళ్లు పుస్తకం చేతికిస్తే ముందు తమ సంగతి ఉందా అని చూసుకుంటారు, అదుండేది వెనకేగా. సభలో వేదిక మీద కూర్చుని మంత్రులు ఎక్కడా అని వెతికారు. లంచాలకి ఏమీ అనలేదు. వాళ్ల నాన్న గొర్రెలు కాసినవాడట, ఆయన సంగతి కూడా ఉందేమోనని కాపరులు వెతికారు. మైకు దగ్గరికెళ్లి, "నన్ను చూడండి అన్నారు, మా నాన్నని చూడు అన్నారు. మనుషులంతా ఒకటేనని రాసిన పుస్తకంలో" అని వచ్చి కూర్చున్నారట. ప్రసంగం అంతే. మర్నాడు పొద్దున్నే ప్రొఫెసరుగారు మెట్లెక్కొచ్చారు. ఆ రోజు ఓనరు ఆయనకంటే ముందు ఎక్కేసినా పట్టించుకోలేదు. "ఎవరు చేశారిది? ఇరవై ఏళ్ల నా కష్టం! ఆ మనిషి ఈ ప్రెస్సులో ఉంటే నా పుస్తకం ఇక్కడ ఒక్కటీ ఉండదు." ఓనరు చేతులు నలుపుకుంటూ మా ఇద్దరి వైపూ చూశాడు. ఎత్తిరాసిన కాగితాల మీద దస్తూరి నాది. ఎవరైనా అడిగి తెప్పిస్తే ఒక్క నిమిషం పని. నేను లేచాను. నిజంగానే లేచానమ్మాయ్, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. అక్క నా వైపు చూడకుండా చీటీ ఒకటి తీసి రెండు మాటలు రాసి, బల్ల మీంచి నా జిగురు గిన్నె దగ్గరికి తోసింది.

"నోరు, చూ. పిల్లలు (ఇద్దరు)."

పెదవులు కదపకుండా నేను చదివిన మొదటి చీటీ అదే. చదివి కూర్చున్నాను. అక్క లేచి నిలబడి, "సూచిక నా పనండీ, తప్పు నాదే" అంది. ఆవిడ పెన్సిలూ, పెన్సిల్ చెక్కుకునే చాకూ సంచిలో వేసుకుంది. చెప్పుల డబ్బాలు తీసుకెళ్లలేదు. మెట్ల దగ్గర వాచ్‌మన్ ఎక్కడికక్కా అంటే ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆ ఇద్దరిలో చిన్నది మీ అమ్మ. అప్పటికి నడక కూడా రాలేదు.

ఆగు, అయిపోలేదు. చెప్పాల్సింది ఇంకా ఉంది. మూడు నెలలకి ఏదో పెద్ద పత్రికలో ఈ పుస్తకం మీద వ్యాసం వచ్చింది. నువ్వు రాసిందే, కొంచెం తక్కువ సంస్కృతంతో. చక్రవర్తులకి బహువచనం, దేవుళ్లకి ఏకవచనం, ఆహా, ఎంత పదునైన వ్యంగ్యం, అని. అంతే, ఊరూరా సభలు. ప్రొఫెసరుగారు ఒక సభలో, సూచిక రాయడానికే తనకి రెండేళ్లు పట్టిందన్నారు. మూడు రోజులు. నాకు తెలీదూ? గొడుగు ఊపుకుంటూ ప్రెస్సుకొచ్చి, "ఆ సూచిక ఆవిడ ఏదీ? కొత్త పుస్తకానికి కూడా అలాగే చేయించండి" అన్నారు. ఆవిడని పంపేశాం కదండీ, మీరే అన్నారు కదా అన్నాడు ఓనరు. "అలాగా" అన్నారు. అంతే. అప్పుడు చెప్పొచ్చు నేను. ఉద్యోగం పోయేది కాదు, శాలువా కప్పేవాళ్లేమో. ఎందుకు చెప్పలేదంటావా. అప్పటికి ఆ కిటికీ దగ్గర బల్ల నాది. నీకు అక్షరాలొచ్చుగా, చీటీలు నువ్వే చూడు అన్నాడు ఓనరు. అక్క కుర్చీలో కూర్చుని, అక్క డబ్బాల్లోంచి చీటీలు తీస్తూ, ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. పిల్లల కోసం ఊరుకున్నది ఒక్కరోజే. ప్రెస్సులో ఉన్న మిగతా పంతొమ్మిదేళ్లూ నా కోసమే ఊరుకున్నాను. కొత్త పుస్తకానికి ప్రొఫెసరుగారు మళ్లీ అలాగే కావాలంటే కూర్చున్నాను. కావాలని చెయ్యాల్సి వచ్చేసరికి చేతకాలేదు. ఈసారి వ్యంగ్యంలో పస తగ్గిందని రాశారు పత్రికలో.

వెతికాను. ఒకసారి. వాళ్ల ఊరి బస్సెక్కాను, సగం దారిలో దిగిపోయి వెనక్కొచ్చేశాను. మీ అమ్మమ్మకి బస్సు చెడిపోయిందని చెప్పాను. తర్వాతెప్పుడో అక్క పోయిందని వాచ్‌మన్ అన్నాడు. అతనికి ఎవరు చెప్పారో. రుజువా? మీ సారు రుజువు అడుగుతాడా? అడగాలిలే, అడగకపోతే ఇదిగో ఇలా అవుతుంది. ఆ చీటీ ఎక్కడ దాచాలో తెలియక, ఆ సాయంత్రం అట్టలు వేస్తున్న కాపీల్లో ఒకదాని వీపు లోపల పెట్టి అతికించేశాను. ఏ కాపీయో తెలీదు. ఈ పుస్తకం ఎక్కడ కనిపించినా ముందు వీపు చూస్తాను, ఇందాక చూశానుగా. ఇందులో లేదు, ఒకప్పుడు ఉండేదేమో కూడా మనకి తెలీదు, పాత కాగితం పీకేశారు. కాబట్టి రుజువు లేదు. నా మాట ఉంది. మీ సారు నమ్మకపోతే నీ ముప్పై ఎనిమిది పేజీలూ పోతాయి, నమ్మినా పోతాయి. నాకు తెలుసమ్మాయ్. వద్దనుకుంటే అలాగే ఇచ్చేయి, ప్రొఫెసరుగారికి బాగానే ఉంటుంది, ఆయనెలాగూ లేరు. నీ ఇష్టం. నేనేం అనను. అనను అంటున్నానా. కానీ నీ పుస్తకానికీ చివర సూచిక ఉంటుందిగా. అందులో చ దగ్గర ఒక్క మాట పడితే చాలు. ఏ పేజీయో నువ్వే వేసుకో.

ఏంటది, ఏం రాస్తున్నావ్? ఆ ముప్పై ఎనిమిది పేజీలూ తిరగేసి వాటి వెనక రాస్తున్నావేంటి, ఇంత మంచి కాగితం. చూపించు. కళ్లజోడు ఏదీ. నా తల మీదే ఉందా. "చీటీలక్క, చూడండి: తాతయ్య తప్పు."

కొట్టెయ్. తప్పు కాదు, అది ఉండనీ, చూడండి కొట్టెయ్. నీ పుస్తకంలో మిగతావాటికి ఏం పెట్టావ్, చూడు అనేగా? మరి? ఆ మర్యాద ఆవిడకి కాదు, చదివేవాడికి. పుస్తకమంతా ఒకటే ఉండాలి. ఇప్పటిదాకా చెప్పిందేంటి నీకు? కొట్టెయ్యవా. ఎంత చదివినా అంతే. ఎవరి మొండితనమో ఇది.

సరే. ఆ కిటికీ వెయ్యి. దుమ్ము పడుతోంది పుస్తకం మీద.